బండి అరిస్తే ఎవరొస్తారు?

ఈ వారం కవిత్వం లేదు మిత్రులారా, బండి అలారం గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఈ రెండు నెలల్లో ఇన్‌బాక్సులో నన్ను ఎక్కువమంది అడిగింది దీని గురించే. ఎస్సీ హాస్టల్ బయట బండ్లు పోతున్నాయి, లైబ్రరీ ముందు పోతున్నాయి, కోచింగ్ సెంటర్ల సందుల్లో పోతున్నాయి. "సార్, మీరు అలారం పెట్టించారంట గదా, ఎంతయింది, పనిచేస్తుందా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ ఇక్కడే చెప్తున్నాను. అయితే ధర చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ అలారం మా వీధిలో రెండుసార్లు గట్టిగా మోగింది. రెండుసార్లూ ఏం జరిగిందో కూడా చెప్పాలి.

ముందు బండి సంగతి.

మా నాన్న పాలేరుతనం చేసిన రోజుల్లో ఆయనకొక పాత సైకిలు ఉండేది. పల్లెలోంచి చేలోకి పోవాలంటే ఊరి పెద్దబజారు గుండా పోవాలి. ఆ బజారు మొదట్లో దిగి, చివరిదాకా సైకిలు నడిపించుకుంటూ పోయి, ఊరు దాటాక ఎక్కేవాడు. ఎందుకు నాన్నా అంటే "అలవాటురా" అనేవాడు. ఆ అలవాటు ఎవరు చేశారంటే మాట మార్చేవాడు. నేను డిగ్రీలో ఉండగా మా పిన్ని కొడుకు ఫైనాన్సులో బండి తీసుకుని అదే బజారులో హారన్ కొట్టాడని పంచాయితీ పెట్టారు. గేదె అడ్డమొస్తే హారన్ కొట్టినందుకు పంచాయితీ! ఇవన్నీ పాతకాలం ముచ్చట్లని ఎవరైనా అంటే, 2025 ఫిబ్రవరి మరీ పాతకాలం కాదని గుర్తు చేయండి. ఆ నెలలోనే తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ నడిపాడన్న కోపంతో ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తులతో నరికారని కేసు నమోదైంది.

అంబేడ్కర్ తన ఆత్మకథా శకలాల్లో రాసుకున్న మొదటి అవమానం కూడా బండి దగ్గర జరిగిందే. 1901లో, ఇంకా పదేళ్ల పిల్లవాడు. తండ్రి దగ్గరికి వెళ్లడానికి అన్నతోనూ మేనల్లుళ్లతోనూ కలిసి మసూర్ స్టేషన్లో దిగాడు. మహర్ పిల్లలని తెలియగానే ఒక్క ఎద్దుబండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు! 1929లో చాలీస్‌గావ్‌లోనూ అంతే. అప్పటికి ఆయన బారిస్టరు. టాంగావాళ్లు మహర్‌ని ఎక్కించుకుని తోలబోమంటే, తోలడం రాని సొంత మనిషే పగ్గాలు పట్టాడు. టాంగా బోల్తాపడి ఆయన కాలు విరిగింది. కాబట్టి సొంత బండి అంటే మనకు ఎవర్నీ బతిమాలకుండా బయల్దేరగలగడం. షోకు తర్వాతి మాట.

నాది 125 సీసీ బండి. కాంట్రాక్టు లెక్చరర్ జీతం మీద 36 వాయిదాలకు తీసుకున్నాను, 22 కట్టాను. షోరూమ్ నుంచి కొత్తగా మా ఇంటికొచ్చిన మొదటి వాహనం. కాలేజీకి రానూపోనూ 38 కిలోమీటర్లు. సాయంత్రాలు స్టడీ సర్కిల్, ఆదివారాలు పల్లెల్లో మీటింగులు. రాత్రి తొమ్మిది దాటితే మావైపు బస్సు ఉండదు. ఇది పోతే డబ్బుతో పాటు సగం పని ఆగిపోతుంది.

బండి ఎలా పోతుందో తెలిస్తేనే ఏం కొనాలో తెలుస్తుంది. నాకు చెప్పింది మా మెకానిక్ భాయ్. "హ్యాండిల్ లాక్ మర్యాదస్తుల కోసం సార్, దొంగల కోసం కాదు" అన్నాడు. లోపల ఉండేది వేలెడంత కడ్డీ. హ్యాండిల్ ఒక పక్కకు పట్టుకుని బలంగా తిప్పితేనో తన్నితేనో విరుగుతుంది. తర్వాత తాళం వెనకాల వైర్ల సాకెట్ పీకి రెండు కలిపితే ఇంజిన్ లేస్తుంది. దాన్నే 'డైరెక్ట్ చేయడం' అంటారు. పాత బండ్లకు ఆ కష్టం కూడా అక్కర్లేదు, తాళం అరిగిపోయి ఉంటే పక్కబండి చెవి కూడా పడుతుంది. ఇంజిన్ లేవకపోయినా పర్లేదు. ఒకడు దొంగబండి మీద కూర్చుంటాడు, రెండోవాడు తన బండి మీద నుంచి కాలుతో నెట్టుకుంటూ పోతాడు. చూసినవాళ్లు పెట్రోలు అయిపోయిందనుకుంటారు.

అంటే దొంగను ఆపడానికి నాలుగు దారులున్నాయి. చక్రం తిరక్కుండా చెయ్యడం, ఇంజిన్ లేవకుండా చెయ్యడం, గోలపెట్టడం, పోయాక ఎక్కడుందో కనిపెట్టడం. అలారం అనగానే అందరూ మూడోదాన్నే తలుచుకుంటారు. నా లెక్కలో మొదటి రెండూ అయ్యాకే మూడోది.

చక్రానికి డిస్క్ లాక్. డిస్క్ బ్రేకు పళ్లెంలో ఉన్న చిల్లులోకి దాని పిన్ను దిగుతుంది. మామూలుది నాలుగైదు వందలకు వస్తుంది. అలారం ఉన్నది వెయ్యి, పదిహేను వందల మధ్య చూశాను. కదిపితే ముందు చిన్నగా కీచుమంటుంది, ఆపకుండా కదిపితే గట్టిగా అరుస్తుంది. అట్టపెట్టె మీద 110 డెసిబెల్స్ అని ఉంటుంది. లోపల గడియారం బిళ్లల్లాంటి బ్యాటరీలు, ఎల్ఆర్44 అని అడిగితే ఇస్తారు. వానాకాలం రెండుసార్లు విప్పి తుడవకపోతే తుప్పు పడతాయి. దానితో పాటు నారింజరంగు చుట్టతీగ ఇస్తారు, అది హ్యాండిల్‌కి తగిలించుకోవాలి. లాక్ తియ్యకుండా బండి కదిలిస్తే చక్రం పట్టేసి ముందుకు పడతారు. డ్రమ్ బ్రేకు బండ్లున్న తమ్ముళ్లకు ఇది పనికిరాదు. మీరు మంచి గొలుసు కొనుక్కోండి, చక్రంలోంచి తీసి ఏ స్తంభానికో కట్టండి. బండికి బండికే కట్టుకుంటే ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుపోతారు.

ఇంజిన్‌కి దొంగ స్విచ్. సీటు కిందో, పక్క డోము లోపలో చిన్న స్విచ్ పెట్టి ఇగ్నిషన్ వైరు దాని గుండా తిప్పుతారు. మెకానిక్ భాయ్ కూలీతో కలిపి నూటయాభై తీసుకున్నాడు. డైరెక్ట్ చేసినా బండి లేవదు. వెతికే తీరిక దొంగకు ఉండదు. పెట్టిన డబ్బుకు వచ్చే రక్షణ చూస్తే దీన్ని మించింది లేదు. షోలేదు కాబట్టి ఎవరూ పెట్టించుకోరు.

ఇక రిమోట్ అలారం. ఒక చిన్న పెట్టె, ఒక సైరన్, రెండు రిమోట్లు. పెట్టెలో అదురును పసిగట్టే సెన్సర్ ఉంటుంది. పన్నెండు వందలకు కొన్నాను, బిగింపు మూడొందలు. కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. సెన్సర్ ఎంత అదురుకు స్పందించాలో తగ్గించుకునే వీలుందా? సైరన్ మోగకుండా లైట్లు మాత్రమే వెలిగే పద్ధతి ఉందా? ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఎంత తింటుంది? ఈ మూడోది ఏ షాపువాడూ చెప్పడు, లెక్క మనమే వేసుకోవాలి. 10 మిల్లీ ఆంపియర్లు తింటుందనుకుంటే రోజుకు 240 మిల్లీ ఆంపియర్ గంటలు. చిన్న బండ్లలో 3, 4 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉంటుంది. పన్నెండు రోజులు కదపకుండా ఉంచితే చిన్న బ్యాటరీ మొత్తం ఖాళీ, సెల్ఫ్ అంతకంటే ముందే కొట్టడం మానేస్తుంది. సెలవులకు ఊరెళ్లేవాళ్లు అలారం ఆపి, దొంగ స్విచ్, డిస్క్ లాక్ మీద ఆధారపడటం మేలు. ఇంకోటి, వైర్లు గోరుతో గీకి మెలేసి టేపు చుట్టేవాళ్ల దగ్గర బిగించుకోకండి. టంకం వేయించండి, ఫ్యూజు పెట్టించండి. బండి కొత్తదైతే వైర్లు కోస్తే వారంటీ పోతుందేమో షోరూములో అడిగి తెలుసుకోండి.

జీపీఎస్ ట్రాకర్ నాలుగో దారి. లోపల సిమ్ ఉంటుంది, ఏడాదికోసారి రీఛార్జి. బండి అదిరితే మన ఫోన్‌కి మెసేజో కాలో వస్తుంది. సెల్లార్లో పెడితే సరిగా అందదు. కొన్నిటికి ఫోన్ నుంచే ఇంజిన్ ఆపే సదుపాయం ఉంటుంది, నడుస్తున్న బండి మీద మాత్రం దాన్ని వాడకండి. దొంగైనా లారీ కింద పడి చావక్కర్లేదు.

సరుకు సంగతి ఇంతే. ఇక సైరన్ అంటే ఏంటో ఆలోచించండి. అది దొంగను పట్టుకోదు, కొట్టదు. అరుస్తుంది, అంతే. ఆ అరుపు విని ఎవరో ఒకరు తలుపు తీస్తారనే నమ్మకం మీద ఆ వస్తువు అమ్ముడుపోతోంది. ఎవరు తీస్తారు, తీసి ఎవరివైపు చూస్తారు అనేది పెట్టె మీద రాసి ఉండదు.

మేం అద్దెకుండే వీధి మధ్యతరగతి వీధి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంటాయన నా డాక్టరేట్ గురించి అడగలేదు, ఇంటిపేరు అడిగాడు. తర్వాత కూరల గురించి అడిగాడు. అద్దె ఐదొందలు పెంచి ఇచ్చాడు. అది ఇంకోసారి రాస్తాను.

మొదటిసారి మోగింది పట్టపగలు, మూడింటికి. మా కాలేజీలో ఫైనలియర్ చదివే అబ్బాయి, మా పక్క మండలంలోని పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు, తీసుకెళ్లిన పుస్తకాలు ఇవ్వడానికి వచ్చాడు. నేను లోపల ఫోన్లో ఉన్నాను. గేటు తీసుకుని వచ్చి, సంచి బండి సీటు మీద పెట్టి, బూట్లు విప్పుకుందామని దానికి ఆనుకున్నాడు. కీచుమంది. కంగారుపడి సంచి లాక్కున్నాడు, బండి ఊగింది, సైరన్ అందుకుంది.

నేను చెప్పులేసుకుని బయటికొచ్చేసరికి ఎనిమిది మంది ఉన్నారు. నిజంగా నిమిషంలో వచ్చారు, ఆ వీధిలో అంత ఐకమత్యం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకాయన అబ్బాయి కాలరు పట్టుకున్నాడు. ఇంకొకాయన ఫొటో తీస్తున్నాడు. మూడో ఆయన సంచి తిరగేశాడు. జనరల్ స్టడీస్ పుస్తకం, లంచ్ బాక్సు, నా నవలలు రెండు కింద పడ్డాయి. "ఏ ఊర్రా? ఎవరబ్బాయివి? ఇంటిపేరేంటి?" వాడు ఊరిపేరు చెప్పాడు. "ఊళ్లోనా, పల్లెలోనా?" అన్నారెవరో. దొంగతనం కేసులో ఇదేం ప్రశ్నో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

"నా స్టూడెంటండీ, వదలండి" అన్నాను. వదిలారు. కిందపడ్డ పుస్తకాలు ఎవరూ తియ్యలేదు. కాలరు పట్టుకున్నాయన నావైపు తిరిగి, "మీ బండి కోసమే గదా మాష్టారూ" అన్నాడు. కోపం రాలేదు ఆయనకు, సిగ్గూ వేయలేదు. నాకు ఉపకారం చేసినట్టే ఉంది ఆయన మొహం.

ఈలోపు ఎవరో 112కి కొట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద వచ్చారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పాలి. "బండి మీదేనా సార్? ఆర్సీ చూపిస్తారా?" అన్నారు. నా గుమ్మం ముందు, నా బండి పక్కన, రిమోట్ నా చేతిలో ఉండగా, ఫోన్ తీసి డిజిలాకర్‌లో ఆర్సీ చూపించాను. వీధి మొత్తం చూసింది. ఆ ఎనిమిది మందిలో నాలుగేళ్లుగా రోజూ పొద్దున నాకు ఎదురొచ్చేవాళ్లు ముగ్గురున్నారు. ఒక్కరూ "ఆయనదేనండీ" అనలేదు.

అసలు దెబ్బ ఫొటో దగ్గర తగిలింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో అప్పటికే పెట్టేశారు, "మన కాలనీలో బైక్ దొంగ పట్టుబడ్డాడు" అని. నేను పట్టుబట్టి తీయించేసరికి ఇరవై నిమిషాలు దాటింది, ఇంకో గ్రూపులోకి పోయింది. "డిలీట్ చేశాం గదా మాష్టారూ, ఇంకేం కావాలి?" అన్నారు. కావాల్సింది చాలా ఉంది. ఆ అబ్బాయి కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నాడు. రేపు సెలెక్టయితే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు ఉందా అని అడుగుతారు. ఊళ్లో వాకబు చేస్తారు. దొంగ అని రాసిన ఫొటో ఎవరి ఫోన్లో నిద్రపోతోందో, ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు? వాళ్లమ్మ కూలికి పోయి చదివిస్తోంది.

ఆ సాయంత్రం నేనూ, అడ్వకేటు మిత్రుడూ, ఆ అబ్బాయీ స్టేషన్‌కి వెళ్లాం. అలారం సెన్సర్ వల్ల మోగింది, వచ్చినతను నా విద్యార్థి, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఇతన్ని పట్టుకుని ఫొటో తీసి దొంగ అని పెట్టారు అని రాసిచ్చాను. అక్కడి అధికారి, "కేసే లేదు గదా సార్, ఎందుకిదంతా?" అన్నాడు. "కేసు లేదనే రాయండి సార్" అన్నాం. గంటన్నర కూర్చున్నాక జనరల్ డైరీలో రాసి, మా కాగితం మీద ముద్ర వేసి ఇచ్చారు. రెండు జిరాక్సులు తీయించాం. ఒకటి ఆ అబ్బాయి దగ్గర, ఒకటి నా దగ్గర. గ్రూపులో కూడా అదే నంబరు నుంచి, అదే మనిషి చేత, "ఈ అబ్బాయి దొంగ కాదు" అని పెట్టించాం. ఫొటో మీద కేసు పెడదామన్నాడు అడ్వకేటు. అబ్బాయి చేతులు పట్టుకుని "వద్దు సార్, పేరు ఇంకా బయటికొస్తుంది" అన్నాడు. వాడి జీవితం, వాడి నిర్ణయం. ఇప్పుడు పుస్తకాలు కాలేజీలోనే ఇస్తాడు, మా వీధికి రాడు.

ఆ రాత్రి నాకు శర్విలకుడు గుర్తొచ్చాడు. శూద్రకుడి మృచ్ఛకటికం చదివినవాళ్లకు తెలుసు. నాలుగు వేదాలు చదివినవాడి కొడుకు, బ్రాహ్మడు, చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. గోడ కొలవడానికి కొలతాడు మర్చిపోయి వస్తే జంధ్యం తీసి కొలుస్తాడు. కన్నం ఏ ఆకారంలో ఉంటే బాగుంటుందో కూడా చర్చ చేస్తాడు. అతనిది కళ. ప్రియురాలిని బానిసత్వం నుంచి విడిపించుకోవడానికి చేశాడని సానుభూతి. మా గురువులు ఆ సీను ఎంత లొట్టలేసుకుంటూ చెప్పేవాళ్లో! అదే దేశంలో 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టడమే నేరం అన్నారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది, మనవైపు ఎరుకల వాళ్ల మీద పడింది. వేలిముద్రలు, హాజరీ, అనుమతి లేనిదే ఊరు కదలకూడదు. మా ఊరికి స్టూవర్టుపురం ఎంతో దూరం లేదు. ఆ సెటిల్‌మెంట్ అలా వచ్చిందే. చట్టం 1952లో రద్దయింది. 1991లో ఆ ఊరిపేరుతో ఒక పోలీస్ స్టేషన్ సినిమా తీశారు, 2023లో అక్కడి దొంగ మీద ఇంకో సినిమా తీశారు. అక్కడ చదువుకున్న పిల్లలు ఇంటర్వ్యూల్లో ఊరిపేరు చెప్పడానికి వెనకాడతారు. శర్విలకుడి ఊరేదని మాత్రం ఎవరూ అడగరు. మా వీధి అలారం విని ఇంటిపేరు అడగడం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఈ దారిలోకే వచ్చాను.

రెండోసారి నెలన్నర తర్వాత. రాత్రి రెండు దాటింది. ఈసారి నిజం దొంగలే. గేటు గొళ్లెం తీసి, హ్యాండిల్ లాక్ విరగ్గొట్టి, బండిని రెండడుగులు జరిపారు. డిస్క్ లాక్ పట్టుకుంది, సైరన్ అందుకుంది. నేను తలుపు తీసేసరికి ఇద్దరు ఇంకో బండి మీద వెళ్లిపోతున్నారు. సైరన్ ఆపకుండా నేను వీధిలో నిలబడ్డాను, కావాలనే. నాలుగిళ్లలో లైట్లు వెలిగాయి. రెండు కిటికీల్లో తెరలు కదిలాయి. పగలు వచ్చిన ఎనిమిది మందిలో ఒక్కరూ రాలేదు. పొద్దున అడిగితే "పిల్లేమో అనుకున్నాం మాష్టారూ" అన్నారు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అని సామెత ఉంది. మా వీధి కుక్కలు ఆ రాత్రి టైముకే మొరిగాయి పాపం.

ఒక్కడొచ్చాడు. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, శ్రీకాకుళం నుంచి వచ్చినతను. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో కర్ర. "బాబూ, తగిలిందా ఏమైనా?" అని ముందు నన్నడిగాడు, తర్వాత బండి వైపు చూశాడు.

మర్నాడు ఫిర్యాదు ఇచ్చాను. ఆ మధ్యాహ్నం విచారణకని స్టేషన్‌కి పిలిచింది ఎవర్నో తెలుసా? ఆ వాచ్‌మన్‌ని. "రాత్రి రెండింటికి నువ్వెందుకు మేలుకుని ఉన్నావు?" అని అడిగారంట. "వాచ్‌మన్ని గదా సార్" అన్నాడంట. చెప్తుంటే వాళ్లావిడ నవ్వింది, ఏడ్చింది. నేను క్లాసులు వదిలేసి వెళ్లి, నాకు సాయానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి ఇతనని రాతపూర్వకంగా ఇచ్చాక, చీకటిపడే వేళకు పంపించారు. ఫోన్ రెండు రోజుల తర్వాత ఇచ్చారు. కిటికీ తెర కదిపినవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. బయటికి రానివాడికి ఏ ఇబ్బందీ లేదు.

సైరన్ గొప్పా, నిశ్శబ్దం గొప్పా అని అడిగే తమ్ముళ్లకు నా జవాబు ఇదీ. మీరు ఏ వీధిలో ఉన్నారో చూసుకుని నిర్ణయించుకోండి. మీ పేరు తెలిసిన, మీ మొహం చూసి తలుపు తీసే వీధిలో సైరన్ పెట్టుకోండి. మీ స్నేహితుడు గేటు దగ్గర నిలబడితేనే తెరలు కదిలే వీధిలో, మీ ఫోన్‌కి మాత్రమే చెప్పే అలారం పెట్టుకోండి. నాది ఇప్పుడు అదే పద్ధతి. టౌన్లో సైరన్ మోగని పద్ధతిలో ఉంచుతాను. డిస్క్ లాక్, దొంగ స్విచ్, ట్రాకర్ పనిచేస్తుంటాయి, అదిరితే దిండు కింద ఫోన్ మోగుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి, ఎవరైనా ఆదర్శంగా అడిగితే ఆ కారణం చెప్తాను.

ఊరెళ్తే మాత్రం సైరన్ ఆన్. సంక్రాంతికి మా పల్లెలో మొదటిసారి మోగినప్పుడు పద్నాలుగు మంది వచ్చారు, లెక్కపెట్టాను. మా పెద్దమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. మోగించింది మా మేనల్లుడని తేలాక వాడికి వీపు మీద రెండు పడ్డాయి. తర్వాత పల్లె పిల్లలందరికీ అదే ఆట, ముట్టుకుని పారిపోవడం. మూడోరోజుకి అలారానికి విలువ పోయింది. అదీ చెప్పాలి గదా, మన పల్లె గురించి అన్నీ గొప్పలే రాస్తే ఎవరు నమ్ముతారు? పైగా రేపు ఎవడైనా కక్షతో బండి తగలబెడదామనుకుంటే ఏ అలారమూ ఆపలేదు.

బండి పోతే ఏం చెయ్యాలో కూడా రాయమన్నారు కొందరు. వెంటనే, ఆ రోజే ఫిర్యాదు ఇవ్వండి. ఇప్పుడు దొంగతనం భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్. "ముందు నువ్వు వెతుక్కో, రెండ్రోజులాగు" అంటే ఒప్పుకోకండి. విచారణార్హమైన నేరం అయితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. ఫిర్యాదులో అనుమానితుల పేర్లు రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, చూడనిదాన్ని రాయకండి. మీ ఒక్క మాటతో ఏ యానాది అబ్బాయో, ఏ ఎరుకల అబ్బాయో వారం రోజులు స్టేషన్ చుట్టూ తిరుగుతాడు.

బీమా దగ్గర చాలామంది మోసపోతున్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. దాన్ని చూసి "ఐదేళ్లు ఇన్సూరెన్స్ ఉంది" అనుకుంటారు. బండి పోతే థర్డ్ పార్టీ రూపాయి ఇవ్వదు. ఓన్ డ్యామేజ్ పాలసీ విడిగా ఉండాలి, అది చాలామందికి ఏడాదితోనే అయిపోతుంది. ఇప్పుడే ఫోన్ తీసి తారీఖు చూసుకోండి. వచ్చేది కొన్న ధర కాదు, పాలసీలో ఐడీవీ అని రాసి ఉన్న మొత్తం. ఫైనాన్సు బాకీ ఉంటే ముందు వాళ్లు పట్టుకుంటారు. బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క సాకుతో, వెంటనే ఎఫ్ఐఆర్ కట్టిన దొంగతనం క్లెయిమ్ కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. అయినా అదే రోజు చెప్పేయండి. పోలీసులు బండి దొరకలేదని ఇచ్చే కాగితం అడుగుతారు. తాళం చెవులు రెండూ అడుగుతారు, ఒకటే ఉందంటే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. నా రెండో చెవి ఊళ్లో మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది, నా కులధ్రువీకరణ పత్రం, పదో తరగతి మార్కుల లిస్టు ఉన్న కవర్లోనే. మీది ఎక్కడుందో ఈ రాత్రే వెతుక్కోండి.

జై భీమ్.